మూడున్నరకు వచ్చే కబురు

"ఆ కంచం తీసెయ్యమ్మా."

తల్లితో అన్నాడు పెద్ద కొడుకు ఒడెరో. ఆమె చెయ్యి తడి చేసుకుని, మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్దను గుండ్రంగా ఒత్తి, ఎవరూ కూర్చోని పీట ముందున్న కంచంలో పెట్టింది. పక్కన వేయించిన చేప తల. చిన్న కొడుకు ఒలువోచ్‌కి తలకాయంటే ప్రాణం.

"అమ్మా, నీకే చెబుతున్నాను."

"నాకేం చెవుడు రాలేదు. వాడు వచ్చేశానంటున్నాడు. ఐదు రోజుల్నుంచీ అదే మాట. వచ్చినవాడికి తిండి పెట్టొద్దా?"

"ఏడీ? ఎక్కడికొచ్చాడు? చూపించు మరి!"

తల్లి, న్యార్ సెమె, ఖాళీ పీట వైపు చూసింది. పుట్టింటి ఊరి పేరుతోనే ఆవిడను రేవంతా అలా పిలుస్తుంది. చూసి, ఈగ వాలకుండా కంచం మీద ఇంకో కంచం బోర్లించింది.

గుమ్మంలో నిలబడ్డ ఒలువోచ్ భార్య అపొండికి ఆ చప్పుడు ఒళ్ళంతా పాకింది.

ఒలువోచ్ సరస్సులో పోయి పది వారాలైంది. పడవ తిరగబడి దొరికింది. తోడు వెళ్ళిన ఇద్దరి శవాలూ మూడోనాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అతను రాలేదు. శవం దొరకని మనిషికి చెయ్యాల్సినట్టే చేశారు. శవానికి బదులు మూరెడు పొడుగున్న యాగో చెట్టు కాయను గుడ్డలో చుట్టి, ఇంటి ఎడమపక్క, అతనికి తవ్విన గోతిలో పూడ్చారు. అపొండి కాయ మీద మట్టి వేసింది.

ఇప్పుడు ఐదు రోజులుగా, మధ్యాహ్నం మూడున్నరకు, వెనకగదిలో ఆమె పెట్టుకున్న సర్వర్ ఒక్క గంట కొడుతోంది. తెర మీద పడవల జాబితాలో కొత్త వరుస చేరుతోంది.

ఒలువోచ్. మియా క్వే. వచ్చేశాను.

మియా క్వే అతని పడవ పేరు. అది రేవులో, పక్క పలకలు పగిలి, బోర్లా పడి ఉంది.

ఒడెరో తల్లిని వదిలి మరదలి వైపు తిరిగాడు.

"అపొండీ, ఆ పెట్టె ఎవరిది?"

"నాదే బావగారూ."

"దాన్ని నడిపే రాతంతా ఎవరు రాశారు?"

"నేనే."

"ఇంకెవరైనా చెయ్యి పెట్టారా?"

"లేదు."

"మరింకేం. ఈ కబురు కూడా నువ్వే రాసి ఉంటావు."

అపొండి గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

"శనివారం పెద్దలు కూర్చుంటున్నారు. నిన్నిలా ఒంటరిగా వదిలెయ్యకుండా, మొగుడి చోట మనవాళ్ళలో ఎవర్ని అండగా నిలబెట్టాలో మాట్లాడతారు. నీకది ఇష్టం లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, కోళ్ళకీ తెలుసు. సరిగ్గా దానికి వారం ముందు చచ్చినవాడు కబుర్లు పంపడం మొదలెట్టాడు! నేను చేపలమ్ముకునేవాణ్ణే అమ్మాయ్, కానీ బుర్ర అమ్ముకోలేదు."

"పెద్దలు కూర్చోవడం నాకిష్టం లేదు, నిజమే. మీ మొహం మీదే చెప్పాను కదా. దానికి దొంగ కబుర్లెందుకు?"

"అమ్మను చూడు. పూటపూటా కంచం పెడుతోంది. దీనికైనా సిగ్గుపడు."

"చాల్లేరా," అంది న్యార్ సెమె. "నా కంచం జోలికి రాకు."

ఒడెరో గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఈ పెట్టె పెట్టినప్పుడు నువ్వన్న మాట గుర్తుందా? 'ఇకమీద మన కబుర్లు ఎవరి దయ మీదా ఉండవు బావగారూ' అన్నావు. నిజమే. ఇప్పుడు నీ దయ మీద ఉన్నాయి. పాతదైతే ఆ కంపెనీవాణ్ణి తిట్టి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడెవర్ని తిట్టాలి?"



మూడేళ్ళ కిందట రేవు పడవల కోసం ఈ కబుర్ల యాప్ తయారుచేసినప్పుడు అపొండి అందరూ చేసే పనే చేసింది. సముద్రాల అవతల ఎవరో కట్టిపెట్టిన రెడీమేడ్ ప్లాట్‌ఫామ్ మీద దాన్ని నిలబెట్టింది. మనుషుల్ని గుర్తుపట్టడం, కబుర్లు దాచడం, హెచ్చరికలు పంపడం, అన్నీ వాళ్ళే చూసుకునేవారు. ఒక్క వారంలో పనైపోయింది. పడవవాళ్ళకు రెండే బటన్లు ఇచ్చింది. నీళ్ళలోకి దిగేటప్పుడు ఒకటి, ఒడ్డు చేరాక ఒకటి. చీకటిపడే వేళకు ఎవరి రెండో కబురు రాలేదో రేవుకు తెలిసిపోయేది. ఆ జాబితా చూసి వెతకబోతే ఏడుగురు ప్రాణాలతో దొరికారు.

తర్వాత ఒక బుధవారం పొద్దున జాబితా ఖాళీగా కనబడింది. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అని ఒక్క ముక్క. రాస్తే అదే ముక్క తిరిగొచ్చింది. ఫోన్ చెయ్యడానికి నంబరు లేదు, అడగడానికి మనిషి లేడు. గురువారం ఒలువోచ్ సరస్సు మీదికి వెళ్ళాడు. ఒంటిగంటకు గాలివాన లేచింది. ఎవరు లోపలున్నారో, ఎవరు ఒడ్డు చేరారో రేవులో ఎవరికీ తెలియలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఖాతా తెరిచారు. క్షమాపణ కూడా లేదు.

అందుకే ఆమె వాడిన యంత్రం ఒకటి కొని, బ్యాటరీ, సోలార్ పలక తగిలించి, వెనకగదిలో పెట్టింది. ఎవరు లోపలికి రావాలో, కబురు ఎక్కడ దాగాలో, ఎవరికి చేరాలో ఒక్కొక్క వరుసా తనే రాసుకుంది. ఏడుపొచ్చినప్పుడు రాసింది. ఏడుపు రానప్పుడూ రాసింది. పదిహేను రోజుల కిందట రేవంతా దాని మీదికి మారింది.

ఇప్పుడు ఒడెరో అనుమానిస్తుంటే ఆమెకు కోపం రావాలి. వచ్చింది భయం. ఎందుకంటే అదే అనుమానం ఆమెకూ ఉంది. ఆ ఏడుపు రోజుల్లో తన చెయ్యి తనకు తెలియకుండా ఏమైనా రాసిందా? మూడుసార్లు మొదట్నుంచీ చివరిదాకా చదివింది. ఎక్కడా లేదు. అయినా మూడున్నరకు గంట మోగుతూనే ఉంది.

"టైమెంతయింది?" అని అడిగింది.

"మూడూ పది."

"అయితే మీరే వెళ్ళి దాని ముందు కూర్చోండి. నేను వాకిట్లో ఉంటాను, నా చేతులు మీకు కనబడేలా. నా ఫోను అత్తయ్య దగ్గర ఉంటుంది."

ఒడెరో ఒక్క క్షణం ఆలోచించాడు. లోపలికి వెళ్ళి, కీబోర్డు వైరు పీకి, దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి అతని నుదురు కనిపిస్తోంది. న్యార్ సెమె కోడలి ఫోను అందుకుని నడుం దగ్గర దోపుకుంది.

అపొండి వాకిట్లో చాప మీద కూర్చుని, ఎండబెట్టిన ఒమెనా చేపల్లోంచి ఇసుక ఏరుతోంది. వేలెడంత చేపలు, వేలకొద్దీ. ఎండ తెల్లగా కాస్తోంది. దూరంగా సరస్సు మీద పురుగుల దండు నల్లటి పొగలా నిలువుగా లేచి, మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. గాలి ఆగిపోయింది. రేవులో రేడియో పాట కూడా ఎవరో గొంతు నొక్కినట్టు వినబడుతోంది.

"కోళ్ళేవే?" అంది న్యార్ సెమె ఉన్నట్టుండి.

వాకిట్లో ఒక్క కోడి లేదు. ఇందాకటిదాకా చాప చుట్టూనే తిరిగాయి. అన్నీ ఇంటి ఎడమపక్కకు, ఇంకా గడ్డి మొలవని ఆ మట్టి దగ్గరికి చేరాయి. గోకడం లేదు, కదలడం లేదు, ఊరికే నిలబడ్డాయి.

"నీడ కోసం వెళ్ళాయి అత్తయ్యా."

"అక్కడ నీడెక్కడుంది?"

లోపల గంట మోగింది.

ఒక్కసారే. చిన్నగా. అపొండి రెండు చేతులూ చేపల్లోనే ఉన్నాయి.

కిటికీలో ఒడెరో నుదురు కదల్లేదు.  చివరికి, "అపొండీ," అన్నాడు. ఇందాకటి గొంతు కాదు. "ఒకసారి లోపలికి రా తల్లీ."

ఆమె వెళ్ళేసరికి అతను ఇంకా కీబోర్డు మీదే కూర్చున్నాడు. చెంపల మీద చెమట.

"నేను ముట్టుకోలేదు," అన్నాడు, ఆమె ఏదో అన్నట్టు.

"తెలుసు బావగారూ."

"చెయ్యి లేకుండా ఎలా వచ్చింది?"

"చెయ్యి ఉంది. నాది కాదు, అంతే."

ఆమె కీబోర్డు అడిగి తీసుకుని తగిలించింది. ఐదు రోజులుగా చెయ్యాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. జాబితాలో కనబడేది ఆమె సర్వర్ సర్ది చూపించే రాత. దాని వెనక, ఫోను పంపిన కబురు ముక్క మారకుండా దాచే చోటు ఒకటుంది. తనే కట్టింది. తెరిచి చూస్తే తప్పు తనదని తేలుతుందేమో, ఒలువోచ్ పేరు ఇంకోసారి చెరిగిపోతుందేమో అని ఇన్నాళ్ళూ అటు పోలేదు.

తెరిచింది. చదివింది. మళ్ళీ చదివింది.

"ఏమిటే?" న్యార్ సెమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అత్తయ్యా... ఇది ఇవాళ నొక్కిన కబురు కాదు. ఇవాళ వచ్చిందంతే. నా రాతలో పొరపాటుంది. నొక్కిన వేళ చూపించకుండా, అందిన వేళ చూపిస్తోంది."

"ఎప్పుడు నొక్కింది మరి?"

"ఆ గురువారమే. సాయంత్రం నాలుగూ పదికి."



"పడవ తిరగబడింది..." ఒడెరో ఆగిపోయాడు.

"రెండింటికి," అంది తల్లి. "దూరంగా పోతున్న పెద్ద పడవవాళ్ళు చూసింది రెండింటికి, మనకు చెప్పింది మర్నాడు." వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "రెండు గంటలు ఈదాడు నా కొడుకు. ఒడ్డెక్కి నొక్కాడు."

అపొండికి జరిగింది అర్థమైంది. పడవవాళ్ళంతా ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడకు కట్టుకుంటారు. అతను బతికి ఒడ్డెక్కాడు. వచ్చేశానని చెప్పాడు. ఆ కబురు కంపెనీవాళ్ళ అరువు ఇంటి తలుపు కొట్టింది, తలుపు మూసి ఉంది, తిరిగి ఫోనులోకే వెళ్ళిపోయింది. పాత చిరునామానే ఆమె కొత్త సర్వర్‌కి తిప్పుకుంది కాబట్టి, ఫోను తెరిచినప్పుడల్లా ఆ కబురు ఇక్కడికి వస్తోంది. అందిందని చెప్పే పద్ధతి కొత్తది, పాత ఫోనుకు అర్థం కాదు. అందలేదనుకుని మర్నాడు మళ్ళీ పంపుతోంది.

ఈ సంగతంతా ఇద్దరికీ మెల్లగా చెప్పింది.

"అంటే దెయ్యం కాదన్నమాట," అన్నాడు ఒడెరో. నవ్వబోయాడు, రాలేదు.

"కాదు. ఎవరో రోజూ మూడున్నరకు ఆ ఫోను తెరుస్తున్నారు."

ఆ మాట అన్నాక గది ఇంకా ఇరుకైంది.

"ఫోన్ చెయ్యి వాడికి," అంది న్యార్ సెమె.

"ఆ నంబరు మూయించేశాం కదమ్మా, కాయను పూడ్చాక," అన్నాడు ఒడెరో.

"నంబరు లేకపోయినా వైఫై ఉంటే యాప్ పనిచేస్తుంది," అంది అపొండి. "కబురులో చోటు కూడా ఉంది. అబిరో దీవి. గుట్ట మీద వాతావరణం వాళ్ళ స్తంభం దగ్గర ఉచిత వైఫై ఉందని ఆయనే ఒకసారి అన్నారు. అక్కడికెక్కి నొక్కి ఉంటారు." ఆమె బావగారి వైపు తిరిగింది. "పడవ తిరగబడ్డాక అబిరోలో మీరు వెతికారు కదా? గుట్ట కూడా ఎక్కామన్నారు."

ఒడెరో తెర వైపు చూస్తున్నాడు.

"బావగారూ."

"ఊఁ."

"ఎక్కారా?"

"ఒడెరో," అంది తల్లి. "ఇటు చూడు."

అతను చూడలేదు. "గాలి చాలా ఎక్కువగా ఉందమ్మా ఆ రోజు. ఇంజన్ రెండుసార్లు ఆగింది. సగం దారి పోయాక... అక్కడ మనుషులే ఉండరు కదా, రాళ్ళూ పక్షులూ తప్ప. లేడనుకున్నాను. లేడనే చెప్పాను."

"వెతికానని చెప్పావు."

"చెప్పాను."

"నీ మాట నమ్మి కాయను పూడ్చాను నేను."

 న్యార్ సెమె కొట్టలేదు, తిట్టలేదు, ఏడవలేదు. నడుం దగ్గరి ఫోను తీసి కోడలి చేతిలో పెట్టింది.

"నీ పెట్టె మాట్లాడగలదా వాడితో?"

"హెచ్చరిక పంపగలదు. వానొస్తోంది, వెనక్కి రండి అని పంపుతామే, అలా. ఆ ఫోను తెరిచి ఉంటే చాలు. కానీ జవాబు రాయడానికి అందులో చోటు లేదు. ఉన్నవి ఆ రెండు బటన్లే."

"అయితే పంపు."

"ఆగు," అన్నాడు ఒడెరో. లేచి నిలబడ్డాడు. "అక్కడున్నది వాడని ఏముంది? పది వారాలు ఆ రాళ్ళ మీద ఎవడు బతుకుతాడు? ఎవరికో ఫోను దొరికి ఉంటుంది. ఎవరో, ఏమిటో. ఎందుకు పిలుచుకోవడం? మనం వాణ్ణి పూడ్చాం అపొండీ. పూడ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. ఆపెయ్ దాన్ని. నీ చేతిలోదే కదా, ఆపెయ్!"

నిజమే, ఆమె చేతిలోదే. ఇంతకుముందు ఎవరో ఎక్కడో ఆపేస్తే ఆమె నెత్తి కొట్టుకుంది. ఇప్పుడు వైరు అరచెయ్యి దూరంలో ఉంది.

ఆమె కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పాత ఫోనుకు అర్థమయ్యే పద్ధతిలో, అందింది అని చెప్పే పది వరుసలు. రెండుసార్లు తప్పుపోయింది, దిద్దింది. తర్వాత హెచ్చరిక గడి తెరిచింది.

"ఏం రాయమంటారు అత్తయ్యా?"

"తిన్నావా అని అడుగు."

"ఎవరని అడుగు ముందు!" అన్నాడు ఒడెరో.

న్యార్ సెమె అతని వైపు తిరగలేదు. "వాడు కాకపోతే, అక్కడున్నది కూడా ఒక తల్లి కన్నదే కదా. తల్లి అడిగితే చెబుతుంది. రాయి. 'అమ్మను. ఎక్కడున్నావు? వచ్చెయ్.'"

అపొండి అలాగే రాసి పంపింది.

తెర మీద చిన్న గుర్తు పడింది. చేరింది. కాసేపటికి ఇంకో గుర్తు. తెరిచారు.

ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. బయట పురుగుల దండు ఒడ్డు చేరినట్టుంది, వెలుతురు మసకబారింది. కిటికీ వలకు వేల రెక్కలు తగులుతున్న సన్నని చప్పుడు.

గంట మోగింది.

ఒలువోచ్. మియా క్వే. బయలుదేరాను.

ఈసారి ఆమె నేరుగా అసలు కబురే తెరిచింది. నొక్కింది ఇవాళే. నాలుగూ ఇరవై ఒకటికి. అబిరో.

"మియా క్వే రేవులో బోర్లా పడుంది," అన్నాడు ఒడెరో. మాట గొణుగుడులా వచ్చింది. "పొద్దున దాని మీద కూర్చుని టీ తాగాను. దేన్లో బయలుదేరాడు?"

"దేన్లోనైతే ఏం?" అంది తల్లి. "వస్తున్నాడు. ఎదురెళ్ళు."

"అమ్మా..."

"ఆ రోజు వెళ్ళలేదు నువ్వు. ఇవాళ వెళ్తావు. మళ్ళీ సగం దారిలో తిరిగొచ్చావా, ఈ ఇంటికి రాకు. పడవలోనే ఉండు."

ఒడెరో తల్లిని చూశాడు, మరదలిని చూశాడు. ముక్కు తుడుచుకుని, గోడకున్న రబ్బరు కోటు అందుకున్నాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"అపొండీ, ఇందాక నేనన్న మాటలు..."

"తర్వాత మాట్లాడుకుందాం బావగారూ. దిగేటప్పుడు బటన్ నొక్కండి. మరిచిపోకండి."

అతను దాదాపు పరుగెత్తాడు. కాసేపటికి రేవు వైపు ఇంజన్ దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. లోపల గంట మోగింది. ఒడెరో పేరు తమ్ముడి పేరు కింద చేరింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు. మధ్యలో మూడు గంటల నీళ్ళు.

న్యార్ సెమె వాకిట్లోకి వెళ్ళి చాప మీద కూర్చుంది. మిగిలిన చేపల్లో ఇసుక ఏరడం మొదలుపెట్టింది. పాట లాంటిదేదో సన్నగా అంటోంది.

అపొండి తెర కట్టెయ్యబోయింది. అప్పుడు కనబడింది.

ఒక ఫోను పదిమంది చేతులు మారే రేవది. ఒకరి కబురు ఇంకొకరు నొక్కకుండా, బటన్‌కు ముందు నాలుగంకెల రహస్యం పెట్టింది ఆమె. ఎవరి అంకెలు వాళ్ళకే తెలుసు. కట్టినదానికి కూడా కనబడకుండా కట్టింది. అంకెలు కనబడవు. ఎన్నోసారికి కుదిరిందో మాత్రం పక్కన పడుతుంది.

ఆ గురువారం కబురు పక్కన ఒకటి అని ఉంది. రెండు గంటలు ఈది, చేతులు చచ్చుపడి, గుట్టెక్కిన మనిషి మొదటిసారే సరిగ్గా నొక్కాడు. మూడేళ్ళుగా అతని ప్రతి కబురు పక్కనా ఒకటే.

ఇవాళ్టి కబురు పక్కన పంతొమ్మిది అని ఉంది.

పద్దెనిమిదిసార్లు ఎవరో ఓపిగ్గా వేరే అంకెలు వేసి చూశారు. అమ్మ కబురు చదివాక, పంతొమ్మిదోసారికి తలుపు తెరుచుకుంది.

ఆమె ఫోను లాక్కుని ఒడెరోకి కలిపింది. మోగుతోంది. ఎత్తడం లేదు. ఇంజన్ హోరులో వినబడదు. కిటికీ దగ్గరికి వెళ్ళింది. పురుగుల పొగ వెనక సరస్సు లేదు, పడవ లేదు, హోరు కూడా సన్నగిల్లింది.

"ఏమంటున్నాడే?" అత్తగారు వాకిట్లోంచి కేకేసింది. "ఇంకేమైనా చెప్పాడా?"

అపొండి నోరు తెరిచింది. 'ఆయన' అనే మాట నాలుక మీదికి రాలేదు.

"వస్తున్నారత్తయ్యా," అంది.

ఆ మాట భర్తకైనా సరిపోతుంది. ఎవరికైనా సరిపోతుంది.